ప్రాణం తీసే హక్కు – దళిత దృక్పథం

1997 మార్చి నెలాఖరున రాజమండ్రి సెంట్రల్ జైలులో ఇద్దరు దళిత యువకుల్ని ఉరి తీయడానికి రంగం సిద్ధమైంది. వాళ్ళ పేర్లు సాతులూరి చలపతిరావు, గంటెల విజయవర్ధనరావు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సును దోచుకోబోయి, పెట్రోలు పోసి తగలబెట్టిన కేసు అది. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఉరిశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్షను తోసిపుచ్చాడు. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు, వకీళ్ళు కదిలారు. ఆఖరి ఘడియల్లో సుప్రీంకోర్టు నుంచి స్టే వచ్చింది. కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యాక 1998లో వాళ్ళ ఉరి యావజ్జీవ శిక్షగా మారింది.

ఈ కేసునే ఎందుకు తీసుకున్నామంటే, ఇది మనకు ఇబ్బంది పెట్టే కేసు గనక. కారంచేడు, చుండూరు గురించి మాట్లాడేటప్పుడు మన నోరు తడబడదు. అక్కడ చనిపోయింది మనవాళ్ళు, చంపింది భూస్వామ్య కులాలు. చిలకలూరిపేటలో అట్లా కాదు. చనిపోయింది బస్సెక్కిన మామూలు జనం. చంపినవాళ్ళు మన వాడల పిల్లలు. నిర్దోషిని ఉరి నుంచి తప్పించమనడానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు. దోషి ప్రాణం కూడా తీయొద్దని అడిగినప్పుడే నీతి గురించి ఆలోచించక తప్పదు.

అప్పుడు ఎదురైన విమర్శ ఒకటే. ‘మీవాళ్ళని చంపితే హంతకుల్ని ఉరి తీయాలంటారు, మీవాళ్ళు చంపితే ఉరి వద్దంటారు, ఇదేం న్యాయం?’ ఇది అగ్రకులాల దెప్పిపొడుపే అయినా, ప్రశ్న ప్రశ్నే. దీనికి జవాబు చెప్పకుండా తప్పుకోవడం ఉద్యమానికి మంచిది కాదు. మన సభల్లో ‘హంతకుల్ని ఉరితీయాలి’ అనే నినాదం ఇప్పటికీ మొదటి వరుసలోనే ఉంది. మరోవైపు మన మేధావులు మరణశిక్ష రద్దు పత్రాల మీద సంతకాలు పెడుతుంటారు. ఈ రెండింటి మధ్యా ఉన్న దూరాన్ని చరిత్రలో పెట్టి చూడాలన్నది మా ప్రయత్నం.

మేం ఈ మాట రాజోలి నుంచి రాస్తున్నాం. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, తుంగభద్ర ఒడ్డున ఉన్న నేతగాళ్ళ ఊరు ఇది. 2009 అక్టోబరు తొలి రోజుల వరదలో పాత రాజోలి మునిగిపోయింది. ఏరు దాటితే కర్నూలు సీమ. అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న వెంపెంటలో 1998 జూలైలో దళితుల్ని ఊచకోత కోశారు. వెనక్కి తిరిగి కృష్ణ దాటితే మక్తల్. 2019లో పోలీసులు కాల్చి చంపిన నలుగురు కుర్రాళ్ళు ఆ మండలంవాళ్ళు. ప్రాణం తీసే హక్కు ఎవరికుంది అన్న చర్చ ఇక్కడ కూర్చున్నవాళ్ళకు పుస్తకాల్లోంచి రాదు, అవతలి ఒడ్డు నుంచి వస్తుంది. 2025లో ప్రణయ్ హత్య కేసులో తీర్పు వచ్చినప్పుడు మా వాడలో ఒక పెద్దామె అన్నది ఇది: “ఉరేస్తే సచ్చినోడు తిరిగొస్తాడా నాయినా? యెయ్యకుంటే మాత్రం మల్లా ఇంగొకన్ని సంపుతారు గదా.” మరణశిక్ష మీద జరిగే వాదనంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. మొదటి వాక్యాన్ని మాత్రమే విని చప్పట్లు కొట్టేవాళ్ళు రెండోదానికి కూడా జవాబు చెప్పాలి.

అహింస అనే మాట దళితులకు ఎప్పుడూ అనుమానాస్పదమే. దానికి కారణముంది. హైదరాబాదు సంస్థానంలో ఆది హిందూ ఉద్యమాన్ని కట్టిన భాగ్యరెడ్డి వర్మ (1888–1939) జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలిలో పనిచేశాడు. జాతర్లలో జంతుబలుల్ని ఆపమని ఊరూరా ప్రచారం చేశాడు. బుద్ధ జయంతి జరిపించాడు. జోగిని ఆచారాన్ని ఎదిరించాడు. ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆయన మనసు అర్థమవుతుంది. కానీ జంతుబలులు వద్దన్నప్పుడు ఆయనకు తోడొచ్చిన పెద్దమనుషుల్లో ఎంతమంది మనిషి బతుకు విషయంలో తోడొచ్చారు? మేకపోతు మెడ మీద కత్తిని చూసి కళ్ళు మూసుకునే అహింస, వెట్టివాడి వీపు మీద కొరడాని చూసి ఎందుకు మూసుకోలేదు? ఈ చేదు అనుభవం వల్లనే మనలో చాలామంది అహింస అనగానే అది కోమట్ల, బాపనోళ్ళ మాట అనుకుంటారు. మాంసం తినేవాళ్ళని కించపరిచేందుకు వాడే మాటగానే వింటారు. ఆ అనుమానాన్ని తప్పు పట్టడానికి మాకు నోరు రాదు.

కాబట్టి మనం వెతకాల్సింది వేరే అహింసని. అది అంబేద్కర్ దగ్గర దొరుకుతుంది.

1949 జూన్ 3న రాజ్యాంగ సభలో సుప్రీంకోర్టుకు క్రిమినల్ అప్పీళ్ళు వినే అధికారం ఎంతవరకు ఉండాలన్న చర్చ జరిగింది. ఉరిపడిన ప్రతివాడికీ సుప్రీంకోర్టుకు వెళ్ళే హక్కు ఉండాలని కొందరు సభ్యులు అడిగారు. అంబేద్కర్ ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పీలు హక్కు ఇవ్వడం కంటే మరణశిక్షనే రద్దు చేయడం మేలని తన అభిప్రాయం చెప్పాడు. ఈ దేశ ప్రజలు ఆచరణలో పాటించినా పాటించకపోయినా అహింసను ఒక నైతిక ఆదేశంగా ఒప్పుకుంటారు గనక, చేయాల్సిన పని ఆ శిక్షను తీసేయడమేనన్నాడు. ఈ మాట అన్నవాడు అంటరానివాళ్ళ హత్యల గురించీ, ఊళ్ళ మీద దాడుల గురించీ జీవితమంతా రాసినవాడు. ఆయనకు హంతకుల మీద జాలి ఉండి అన్న మాట కాదు.

దీని పక్కనే ఆయన చివరి పుస్తకం ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ పెట్టుకోవాలి. అది ఆయన చనిపోయాక 1957లో వచ్చింది. అందులో అహింసను నియమంగా కాక సూత్రంగా చూడాలంటాడు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం ఆలోచించమంటుంది. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీస్తాడు. బ్రాహ్మణ ధర్మంలో ఉన్నది చంపాలన్న కోరిక అంటాడు. జైనంలో ఉన్నది ఎప్పుడూ చంపకూడదన్న కట్టడి అంటాడు. బుద్ధుడిని ఆ రెండింటికీ దూరంగా నిలబెడతాడు. ఇది గాంధీ అహింస కాదు. దెబ్బ తినేవాణ్ణి ఇంకో దెబ్బకు సిద్ధంగా ఉండమనదు.

ఈ తేడాను పుస్తకం లేకుండానే చూపించిన మనిషి కారంచేడు మున్నంగి సువార్త. 1985 జూలైలో మాదిగలు నీళ్ళు తాగే చెరువులో గేదె కుడితి బకెట్లు కడుగుతుంటే కత్తి చంద్రయ్య అనే పిల్లవాడు అడ్డం చెప్పాడు. వాణ్ణి కొట్టబోయినవాళ్ళు నీళ్ళకొచ్చిన సువార్త మీదికి కూడా వచ్చారు. ఆమె చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, జూలై 17న, ఊరు వాడ మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. సాక్షిగా నిలబడిన అలిసమ్మను తర్వాత చంపారు. సువార్త ఎత్తిన బిందెనూ, ఊరు ఎత్తిన గొడ్డళ్ళనూ ‘ఇరువైపులా హింస’ అని రాసే పత్రికలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మనిషి ప్రాణం మీద జరిగే హింసనంతా వ్యతిరేకిస్తామనే ఏ సిద్ధాంతమైనా మొదట ఈ బిందెకీ గొడ్డలికీ తేడా చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది మనకు పనికిరాదు.

కారంచేడు తర్వాత ఏం జరిగింది? బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేశాడు. కత్తి పద్మారావు, తారకంల నాయకత్వంలో చీరాల శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది. కోర్టు మాత్రం కదల్లేదు. 1989 ఏప్రిల్లో నక్సలైట్లు దగ్గుబాటి చెంచురామయ్యను చంపారు. ఆ వార్త విని మన వాడల్లో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆ ఊరటను తప్పు పట్టేవాళ్ళు, నాలుగేళ్ళ పాటు కేసు కదలకపోవడాన్ని ముందుగా తప్పు పట్టాలి. అయినా ఒక మాట అనక తప్పదు. ఆ చావుతో దళితులకు కోర్టులో ఏదీ దక్కలేదు. కింది కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ చొప్పున శిక్ష వేసింది. ఇరవై మూడేళ్ళు. ప్రతీకారం తీరిందన్న భావన, న్యాయం జరగలేదన్న నిజాన్ని కప్పేసిందా? మా ఉద్దేశంలో కొంత కప్పింది. మనవాళ్ళ తరఫున ఎవరో వచ్చి చంపిపోతే, మన చేతిలోని కేసూ సాక్షులూ చట్టమూ చిన్నవైపోతాయి.

ఈ ప్రశ్నే వేరే దారిలో పౌరహక్కుల ఉద్యమంలోకి కూడా వచ్చింది. రాజ్యం చేసే ఎన్‌కౌంటర్లనే కాదు, విప్లవకారులు చేసే హత్యల్నీ, కులం చేసే హత్యల్నీ ఒకే గట్టితనంతో ప్రశ్నించాలా అన్నది 1990లంతా నడిచిన వాదన. బాలగోపాల్, ఆయనతో ఏకీభవించినవాళ్ళు పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. ఎవరిది సరైన వైఖరన్న వాదులాట ఇంకా తీరలేదు. మాకు మటుకు దళితుల వైపు నుంచి చూస్తే బాలగోపాల్ అడిగిన ప్రశ్న వదిలించుకోదగ్గది కాదనిపిస్తుంది. రాజ్యం లేని చోట కూడా మనల్ని చంపింది కులమే గనక.

ఉరికొయ్య చరిత్ర మన తెలుగు నేలకు కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో 12 మంది రైతులకు ఉరిశిక్షలు పడితే, ప్రపంచమంతా ఆందోళన జరిగి, డి.ఎన్. ప్రిట్ లాంటి వకీళ్ళు పట్టించుకుని అవి యావజ్జీవాలయ్యాయి. 1974లో ఈడిగ అనమ్మ అనే పేద యువతి ఉరిని జస్టిస్ కృష్ణయ్యర్ తగ్గిస్తూ, నేరంతో పాటు నేరస్తుల బతుకును కూడా చూడాలన్న దారి వేశాడు. మరుసటి ఏడాదే, ఎమర్జెన్సీలో, డిసెంబరు 1న భూమయ్యనూ కిష్టాగౌడ్‌నూ ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. 1980లో బచన్ సింగ్ కేసులో ‘అరుదైనవాటిలోకెల్లా అరుదైన’ నేరానికే ఉరి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఏది అరుదైనదో చెప్పేది జడ్జి. జడ్జి ఏ వీధి నుంచి వచ్చాడన్నది ఆ తీర్పులో రాసి ఉండదు.

2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఉరిశిక్ష పడిన ఖైదీల మీద అధ్యయనం అచ్చువేశారు. ఆ ఖైదీల్లో 76 శాతం వెనకబడిన వర్గాలు, దళితులు, ఆదివాసులు, మత మైనారిటీల వాళ్ళు. దళిత ఆదివాసులే 24.5 శాతం. నూటికి 74 మంది ఆర్థికంగా దిక్కులేనివాళ్ళు. కారంచేడు, చుండూరు నిందితుల్లో ఒక్కడూ ఉరికొయ్య దాకా పోలేదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుని, బి. చంద్రశేఖర్ లాంటి ప్రాసిక్యూటరును సాధించుకుని, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేయించుకున్నారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అంటే మనకు ఉరి దొరకలేదని కాదు బాధ. యావజ్జీవం కూడా నిలబడలేదని.

ఇక ఉరి దొరికిన చోట ఏమైంది? మహారాష్ట్ర ఖైర్లాంజిలో 2006 సెప్టెంబరు 29న భోత్‌మాంగే కుటుంబంలో నలుగురిని ఊరంతా కలిసి చంపింది. 2008లో భండారా కోర్టు ఆరుగురికి ఉరి వేసింది. పండగ చేసుకోవాల్సిన తీర్పేనని చాలామంది అనుకున్నారు. కానీ అదే తీర్పు ఆ హత్యలకు అట్రాసిటీ చట్టం వర్తించదంది. కులం కారణం కాదంది. 2010లో హైకోర్టు ఉరిని తీసేసి ఇరవై అయిదేళ్ళ జైలు చేసింది, కులం విషయంలో మాత్రం కింది కోర్టు మాటనే నిలబెట్టింది. ఆరు ఉరితాళ్ళు ఇచ్చి ఒక్క మాట ఇవ్వలేదు. ఆ ఒక్క మాటే కదా మనం అడిగింది.

మిర్యాలగూడ ప్రణయ్ కేసు కూడా ఈ చోటనే పెట్టి చూడాలి. 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్య కళ్ళ ముందే ఆసుపత్రి బయట నరికారు. చంపించింది పెళ్ళికూతురి తండ్రి, కిరాయికి. ఆ తండ్రి 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు రెండో నిందితుడికి ఉరి, మిగతా ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఉరి పడింది కత్తి పట్టుకున్న కిరాయి మనిషికి, బీహారు నుంచి వచ్చినవాడికి. ఆరున్నరేళ్ళ తర్వాతయినా అందరికీ శిక్ష పడటం చిన్న విజయం కాదు, ఆ కుటుంబం పోరాడి తెచ్చుకున్నది. అయితే ఆ విజయం దోషులని తేల్చిన చోట ఉంది. ఉరితాడులో లేదు. కిరాయి మనిషిని ఉరితీస్తే కూతురు మాలవాణ్ణో మాదిగవాణ్ణో చేసుకుంటే పరువు పోయిందనుకునే తండ్రుల్లో ఒక్కడికైనా తగులుతుందా?

రాజోలి పెద్దామె రెండో వాక్యానికి మా జవాబు ఇక్కడ మొదలవుతుంది. మళ్ళీ చంపకుండా ఆపేది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, శిక్ష పడుతుందా లేదా అన్నది. కేసు రాసుకోని స్టేషను, బెదిరిపోయే సాక్షి, పదిహేనేళ్ళు సాగే విచారణ ఉన్నంత కాలం చట్టంలో ఉరి ఉన్నా ఊళ్ళో దానికి భయపడేవాడు లేడు. భయపడేది లేనివాడే.

2019 డిసెంబరులో అది కళ్ళారా చూశాం. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. లారీ మీద పనిచేసే నలుగురిని పట్టుకున్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు ఆ నలుగురినీ కాల్చేశారు. అంబేద్కర్ వర్ధంతి రోజు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మక్తల్ మండలంలోని వాళ్ళ ఊళ్ళకు శవాలు వచ్చాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చెప్పింది ఏమిటంటే, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన వాళ్ళలో ముగ్గురు మైనర్లని. నేరం రుజువు కాలేదు, కాకముందే శిక్ష అయిపోయింది.

దానికి మూడు రోజుల ముందు, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లా ఎల్లాపటార్ దగ్గర వెంట్రుకలు తీసుకుని సామాన్లు ఇచ్చుకుంటూ ఊళ్ళు తిరిగే బుడగజంగం స్త్రీని అత్యాచారం చేసి చంపారు. ఆమె కోసం రాజధాని రోడ్ల మీద కొవ్వొత్తులు వెలగలేదు. దళిత సంఘాలు రోడ్డెక్కాక, ఎన్‌కౌంటరు తర్వాత ‘మరి ఈమె సంగతేంటి’ అని అడిగాక ప్రత్యేక కోర్టు వచ్చింది. 2020 జనవరి 30న ముగ్గురికి ఉరి వేశారు. మనవాళ్ళు కూడా ఆ నలుగురికి చేసినట్టే వీళ్ళకూ చేయమని అడిగారు. అది రక్తదాహం కాదు, సమానత్వపు ఆకలి. ఆమె ప్రాణం కూడా అంతే విలువైనదని చెప్పమనడం. దానికి ఈ రాజ్యం దగ్గర ఉన్న భాష చంపడమొక్కటే గనక ఆ భాషలోనే అడిగారు. ఆ భాషను మార్చడం ఉద్యమం పని. తుపాకి ఒకసారి మక్తల్ వైపు తిరిగితే, తర్వాత ఏ వాడ వైపు తిరుగుతుందో మనకు తెలియనిదేం కాదు.

బయటి ప్రపంచంలో ఈ ఆలోచనకు ఒక పేరుంది. 1983 డిసెంబరులో చికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ న్యూయార్కులో ఫోర్దమ్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ అణుయుద్ధం, మరణశిక్ష, గర్భస్రావం అన్నింటినీ ఒకే నీతితో వ్యతిరేకించాలన్నాడు. యేసు ఒంటి మీది కుట్టులేని అంగీ పేరు మీద దాన్ని ‘అతుకులేని వస్త్రం’ అంటారు. మన క్రైస్తవ దళితులకు ఆ అంగీ తెలుసు, సిలువ కింద సైనికులు చీట్లు వేసుకున్నది. ఉరికీ యుద్ధానికీ ఒకే జవాబు చెప్పడం మాకు నచ్చింది. గర్భస్రావం దగ్గర మాత్రం మేం ఆగుతాం. ఎప్పుడు కనాలో, కనాలా వద్దా అన్నది దళిత స్త్రీ చేతిలో ఏనాడూ లేదు. జోగిని చేసింది ఊరు. కుటుంబ నియంత్రణ క్యాంపులకు తోలింది సర్కారు. అంత బలవంతం మోసిన ఒంటి మీద ఇంకొకడు నీతి పేరుతో హక్కు అడగడం కూడా హింసే. మా గద్వాల చీరలో నూలు నేతకు పట్టు అంచును కలిపి నేస్తారు. అతుకు దాచరు, అతుకు గట్టిగా ఉందా అని చూసుకుంటారు. మన నీతి అట్లాంటిది కావాలి.

మళ్ళీ చిలకలూరిపేటకు వద్దాం. చలపతిరావు, విజయవర్ధనరావుల్ని కాపాడుకోవడం సరైన పనే. వాళ్ళు దళితులైనందుకు కాదు, దళితులు గనక వాళ్ళ పేదరికాన్నీ, అనుకోకుండా చెయ్యి దాటిపోయిన ఆ ఘటననూ ఏ కోర్టూ తూకంలో వేయలేదన్న అనుమానం గట్టిది గనక. అంతకంటే, ఎవరినైనా ఉరితీయడం తప్పు గనక. ఈ రెండు కారణాల్లో మొదటిదాన్ని మాత్రమే గట్టిగా చెప్పి రెండోదాన్ని మెల్లగా అంటే, అగ్రకులాల దెప్పిపొడుపుకు మనమే చోటిచ్చినట్టవుతుంది. రెండోది మొదట రావాలి. అట్లా రావాలంటే, కాలిపోయిన 23 మంది కూడా మన లెక్కలోకి రావాలి. ఉరి వద్దని అడిగే ఏ కరపత్రమైనా ఆ బస్సులో ఏం జరిగిందో చెప్పి, అది క్షమించరాని నేరమని చెప్పి, చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ప్రభుత్వం ఏం చేయాలో అడిగి, ఆ తర్వాతే ఖైదీల సంగతికి రావాలి. రాత్రి ఆర్టీసీ బస్సులో ప్రయాణం చేసేది కార్లున్నవాళ్ళు కాదు. ఆ సీట్లలో కూర్చున్నది కూడా మనలాంటివాళ్ళే.